క్లిప్‌లెస్ పెడళ్లకు మారాలా? చైను చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?

హైదరాబాద్ పడమటి శివారు నుంచి ఒక పాఠకురాలు పేరు వెల్లడించవద్దంటూ రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 43 ఏళ్లు, జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. బంధువుల అబ్బాయి పైచదువులకు వెళ్తూ అమ్మేసిన మౌంటెన్ బైకును కొనుక్కుని, ఆదివారాల్లో ఆరుగురి బృందంతో కలిసి గండిపేట చుట్టుపక్కల మట్టిదారుల్లోనూ, వానలు పడ్డాక వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లోనూ తొక్కుతున్నారు. బండికి ముందు ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉంది. గేర్లు ముందు రెండు, వెనుక తొమ్మిది. వెనుక డీరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) షిమానో కంపెనీ అలీవియో రకం. రాళ్ల దిగుడులో పాదం పెడల్ మీద నుంచి ఎగిరిపోతోందని, ఒకసారి పెడల్ మీద బూటు జారకుండా ఉండే ఇనుప ముళ్లు గీసుకుని మోకాలి కింద కుట్లు పడ్డాయని ఆమె రాశారు. బృందంలో మిగిలిన అయిదుగురూ బూటు పెడల్‌కు బిగుసుకునే క్లిప్‌లెస్ పెడళ్లు వాడుతున్నారు. వారిలో పెద్దాయన "కాలు బిగించుకోనివాళ్లు తొక్కినా తొక్కనట్టే" అంటూ ఉంటారట. ఒక ఆదివారం స్నేహితురాలి పెడళ్లు, బూట్లు అడిగి తీసుకుని వెళ్తే, ఒక ఊరి చివర గేదెలు అడ్డం వచ్చి ఆగబోయినప్పుడు ఎడమ కాలు ఊడిరాక అలాగే పక్కకు పడిపోయారు. మోచెయ్యి చీరుకుపోయింది, మణికట్టు వారం రోజులు నొప్పి పెట్టింది. అప్పటి నుంచి ఆ పెడళ్లంటేనే భయంగా ఉందని, ఆ భయానికి సిగ్గుగా కూడా ఉందని రాశారు. ఇక బండి విషయం: రాళ్ల మీద దిగేటప్పుడు చైను ఫ్రేముకు టకటకా కొట్టుకుంటుంది, అది చాలదన్నట్టు ఈ మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒక "టిక్" వినిపిస్తోంది. మెకానిక్ చూసి చైను, క్యాసెట్ (వెనుక పళ్ల చక్రాల గుత్తి), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగం), డీరైలర్ అన్నీ మార్చాలని 14 వేల రూపాయలకు అంచనా రాసిచ్చారు. ఆ కాగితాన్నీ, కట్టు కట్టిన మణికట్టునూ చూసిన భర్త బండి అమ్మేయమంటున్నారు. ఏ క్లిప్‌లెస్ పెడళ్లు కొనాలి, చప్పుడు ఎలా ఆపాలి, అసలు ఈ వయసులో ఇది మానేయడమే మంచిదా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది చిన్నది. మానేయనవసరం లేదు. ఆగబోయి నిలబడ్డ చోటే పక్కకు పడటం క్లిప్‌లెస్ పెడళ్లు మొదలుపెట్టిన దాదాపు ప్రతివారికీ జరిగేదే. దానికి వయసుతో సంబంధం లేదు. మణికట్టులో ఇంకా నొప్పి మిగిలి ఉంటే మాత్రం ఎముకల వైద్యునికి చూపించాకే మళ్లీ రాళ్ల దారికి వెళ్లండి. మిగిలిన రెండు ప్రశ్నల్లో ఒక పొరపాటు కలగలిసిపోయింది. పాదం ఎగిరిపోవడానికి మందు క్లిప్‌లెస్ పెడలేనని మీ బృందం తేల్చేసింది, చప్పుడుకు మందు కొత్త సామానేనని మెకానిక్ తేల్చేశారు. రెండు చోట్లా కారణం వెతక్కముందే కొనాల్సిన వస్తువు పేరు వచ్చేసింది. మనం ఆ వరుసను తిరగేద్దాం.

పాదం ఎందుకు ఎగురుతోంది? మీరు రన్నింగ్ బూట్లతో తొక్కుతున్నానని రాశారు. పరుగుకు చేసిన బూటు అడుగున మెత్తని, మందమైన, ముందుకు వంపు తిరిగిన నురగ ఉంటుంది. అది పెడల్ ముళ్లను పట్టుకోదు. పైగా ప్రతి కుదుపునూ స్ప్రింగులా తిప్పికొడుతుంది. మీరు ఇప్పుడు వాడుతున్న, కాలు బిగించని చదునైన పెడల్‌కు చదునైన అడుగు, మెత్తగా అంటుకునే రబ్బరు ఉన్న బూటు కావాలి. ఆ బూట్లు దొరకనంత మాత్రాన ఆగిపోనక్కర లేదు. అడుగు చదునుగా ఉన్న మామూలు స్కేట్ బూట్లయినా మీ రన్నింగ్ బూట్ల కంటే ఎంతో మెరుగు. రెండోది భంగిమ. దిగుడులో రెండు పెడళ్లనూ నేలకు సమాంతరంగా ఉంచి, సీటు మీద నుంచి లేచి, మోకాళ్లు వదులుగా వంచి, మడమలను పెడల్ మట్టం కంటే కిందికి దింపాలి. అప్పుడు రాయి తగిలినప్పుడు వచ్చే తోపు మీ పాదాన్ని పెడల్‌లోకి ఇంకా గట్టిగా నొక్కుతుంది. మడమ పైకి లేచి ఉంటే అదే తోపు పాదాన్ని ముందుకు జార్చేస్తుంది. బలాల దిశ గీసి చూపడం మీకు రోజూ అలవాటైన పనే కనుక ఇది నేను చెప్పేకంటే మీరే నల్లబల్ల మీద వేసి చూసుకుంటే బాగా నమ్మకం కలుగుతుంది. పాదం మునివేళ్ల మీద కాక కాస్త వెనక్కి, పాదం నడుమకు దగ్గరగా పెడల్ మీద పెట్టుకుంటే మడమ దింపడం తేలికవుతుంది, పిక్కకూ శ్రమ తగ్గుతుంది.

కాబట్టి మీ ముందున్న మొదటి మార్గం చదునైన పెడళ్లతోనే ఉండి, బూట్లు మార్చి, మడమ దించడం సాధన చేయడం. దీనివల్ల ఖర్చు తక్కువ; కాలు ఎప్పుడంటే అప్పుడు నేలకు దిగుతుంది; ఆ భయం దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది. నష్టం కూడా ఉంది. ఇనుప ముళ్ల గాట్లు మళ్లీ పడే అవకాశం ఉంటుంది కనుక మోకాలి కింద గార్డులు వేసుకోవాలి. రాళ్ల మధ్య కూర్చునే వేగంగా తొక్కాల్సిన చోట పాదం కదలకుండా ఉండటానికి మనసులో కొంత భాగం ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. మొదట్లో ఈ రెండో లోపం బాగా తెలుస్తుంది, సాధనతో తగ్గుతుంది, పూర్తిగా పోదు.

మీ బృందంలోని పెద్దాయన మాటను మాత్రం పక్కన పెట్టండి. ఆస్ట్రేలియాకు చెందిన శామ్ హిల్ చదునైన పెడళ్ల మీదనే 2006, 2007, 2010 సంవత్సరాల్లో డౌన్‌హిల్ (కొండ దిగుడు పందెం) ప్రపంచ ఛాంపియన్ అయ్యారు; ఆ తరువాత 2017 నుంచి 2019 దాకా వరుసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ (దిగుడు భాగాలకే సమయం లెక్కించే పోటీల వరుస) టైటిలూ ఆ పెడళ్లతోనే గెలిచారు. మరోవైపు ఒలింపిక్ క్రాస్‌కంట్రీ పోటీల్లో దాదాపు అందరూ కాలు బిగించుకునే తొక్కుతారు, ఎందుకంటే అక్కడ గంటకు పైగా ఎడతెగకుండా బలం పెట్టాలి. రెండూ నిజమైన తొక్కుడే. మీరు ఎలాంటి దారిలో, ఎంతసేపు, ఏ సుఖం కోసం తొక్కుతున్నారన్నదే ఇక్కడ లెక్క. కాలు బిగించుకుంటే పెడల్‌ను పైకి లాగి బోలెడు బలం సంపాదించవచ్చని కూడా వారు మీకు చెప్పే ఉంటారు. మామూలు తొక్కుడులో బలమంతా దాదాపుగా కిందికి నొక్కేటప్పుడే పుడుతుంది. క్లిప్‌లెస్ పెడల్ మీకు నిజంగా ఇచ్చేది వేరే సుఖం: పాదం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, కుదుపులకు ఊడిపోదు, అలసినప్పుడు కూడా జారదు.

ఆ సుఖం మీకు కావాలనిపిస్తే రెండో మార్గానికి వద్దాం. ముందుగా, ఆ రోజు మీరు ఎందుకు పడ్డారో చూడాలి, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది. బూటు అడుగున బిగించే చిన్న లోహపు ముక్కను క్లీట్ అంటారు. అది పెడల్‌లోని స్ప్రింగు దవడల మధ్య చిక్కుకుంటుంది. విడిపించుకోవాలంటే మడమను బయటి వైపుకు తిప్పాలి; షిమానో ఎస్‌పీడీ పద్ధతిలో సుమారు 13 డిగ్రీలు తిరిగితే ఊడుతుంది. కంగారులో మనిషి చేసేది మాత్రం కాలిని పైకి లాగడం. సాధారణంగా పెడళ్లతో వచ్చే ఎస్‌హెచ్51 రకం క్లీట్ పైకి లాగితే ఊడదు. మీరు తొడుక్కున్న బూట్లు అర సైజు పెద్దవని కూడా రాశారు. బూటు వదులైతే మీరు మడమ తిప్పినా ఆ తిప్పుడంతా బూటు లోపలే ఖర్చయిపోతుంది, క్లీట్ దాకా చేరదు. స్నేహితురాలు చాలాకాలంగా వాడుతున్నవారు కనుక స్ప్రింగును తన అలవాటుకు బిగించుకుని ఉండటానికి అవకాశం ఎక్కువ. అంటే మీరు బిగుతైన స్ప్రింగుతో, ఒక్క వైపుకే ఊడే క్లీట్‌తో, వదులు బూట్లతో, సాధన లేకుండా గేదెల మందలోకి వెళ్లారు. అక్కడ ఎవరైనా పడేవారే. ఆ అనుభవం నుంచి క్లిప్‌లెస్ పెడళ్లు మీకు సరిపడవని తేల్చుకోవద్దు. మీ భయానికి సిగ్గుపడనూ వద్దు, అది జరిగినదాన్ని సరిగ్గానే గుర్తుపెట్టుకుంది.

కొనేటట్లయితే మీకు నేను చెప్పగలిగినవి మూడు రకాలు. మొదటిది షిమానో ఎస్‌పీడీ. 1990లో మౌంటెన్ బైకుల కోసమే వచ్చిన ఈ పద్ధతిలో క్లీట్ చిన్నది, రెండు బోల్టులతో బూటు అడుగున గుంటలో ఒదిగిపోతుంది కనుక దిగి నడవవచ్చు. రెండు వైపులా బిగుసుకునే పెడళ్లలో చుట్టూ చట్రం లేని చవకైన ఎం520 ఎన్నో ఏళ్లుగా నమ్మకమైనది. చుట్టూ కాస్త వెడల్పు చట్రం ఉన్న ఎం530, ఖరీదైన ఎక్స్‌టీ ఎం8120 లాంటివి క్లీట్ తగులుకోకపోయినా పాదానికి ఆనుడు ఇస్తాయి. మీకు చట్రం ఉన్నవే మేలనుకుంటాను. వాటితో పాటు ఎస్‌హెచ్56 అనే క్లీట్లు విడిగా కొనుక్కోండి. అవి లోపలికి తిప్పినా, బయటికి తిప్పినా, గట్టిగా పైకి గుంజినా ఊడతాయి. కంగారులో కాలు లాగే మనిషికి అదే కావాలి. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, బండిని రాయి మీదుగా ఎగరేయబోయి రెండు కాళ్లతో పైకి లాగినప్పుడు అప్పుడప్పుడూ కోరకుండానే ఊడిపోతాయి. మొదట్లో ఆ మూల్యం చెల్లించదగినదే. ఈ పెడళ్లకు ఇంకో వరం స్ప్రింగు బిగువు మార్చుకునే చిన్న మర. 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో దాన్ని పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. ఒక్కో పెడల్‌కు రెండు వైపులా మరలుంటాయి, నాలుగూ సమానంగా ఉండాలి.

రెండోది క్రాంక్‌బ్రదర్స్ కంపెనీ క్యాండీ, మాలెట్ పెడళ్లు. నాలుగు దిక్కుల నుంచీ క్లీట్ తగులుకుంటుంది, బురద వాటిలో నిలవదు. అనంతగిరి ఎర్రమట్టి తడిస్తే ఎలా పేరుకుంటుందో మీకు తెలుసు కనుక వానాకాలమే మీ ముఖ్య కాలమైతే ఇవి ఆలోచించదగినవి. కుడి ఎడమ క్లీట్లను తారుమారు చేసి బిగిస్తే ఊడే కోణం 15 లేదా 20 డిగ్రీలుగా మారుతుంది. మీరు 15కే పెట్టుకోవాలి. అయితే స్ప్రింగు బిగువు మార్చుకునే మర వీటికి లేదు, ఇత్తడి క్లీట్లు ఇసుకలో త్వరగా అరుగుతాయి. తగులుకున్నప్పుడు ఎస్‌పీడీలో వినిపించేంత స్పష్టమైన చప్పుడు రాదు కనుక, బిగిసిందా లేదా అన్న అనుమానం కొత్తవారిని వెంటాడుతుంది. మీ ప్రస్తుత మనస్థితిలో అది చిన్న విషయం కాదు.

మూడోది ఒకవైపు చదును, మరోవైపు ఎస్‌పీడీ ఉండే ఈహెచ్500 లాంటి పెడళ్లు. భయపడేవారికి అందరూ మొదట చెప్పేది ఇదే. రోడ్డు మీద, కళాశాలకు వెళ్లిరావడానికి నిజంగానే హాయిగా ఉంటాయి. రాళ్ల దారిలో మాత్రం కాలు తీసి మళ్లీ పెట్టేసరికి ఏ వైపు పైకి ఉందో చూసుకోవాల్సి వస్తుంది, చూపు దారి మీద ఉండాల్సిన క్షణంలో పెడల్ మీదికి పోతుంది. మీ దారులకు నేను వీటిని ఎంచుకోను. రోడ్డు సైకిళ్లకు వాడే మూడు బోల్టుల పెద్ద క్లీట్లను ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. వాటితో రాతి మీద నాలుగడుగులు నడవలేరు.

పెడల్ కంటే బూటు ముఖ్యం. డబ్బు ఒక్కదానికే సరిపోతే బూటుకే పెట్టండి. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తొక్కేటప్పుడు వేసుకునే మేజోళ్లతోనే కొలత చూసుకోండి. మడమ లోపల పైకి లేవకూడదు, పక్కలకు తిరగకూడదు. క్లీట్‌ను బొటనవేలి మొదటి కీలు కిందికి కానీ అంతకంటే కొంచెం వెనక్కి కానీ బిగించండి. రాళ్ల దారికి వెనక్కి ఉండటమే నయం. దూరం తొక్కాక కుడి మోకాలు నొప్పి పెడుతోందని ఒక వాక్యం రాశారు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాదం ఒక కోణంలో కట్టుబడిపోతే, ఆ కోణం మీ కాలి సహజ కోణం కాకపోతే ఆ నొప్పి పెరుగుతుంది. బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడేయండి. కుడి పాదం కొద్దిగా బయటికి చూస్తుంటే క్లీట్‌ను కూడా ఆ మేరకే తిప్పి బిగించాలి. ఎస్‌పీడీలో పాదం సుమారు 4 డిగ్రీలు, క్రాంక్‌బ్రదర్స్‌లో 6 డిగ్రీలు ఊడకుండానే అటూ ఇటూ ఆడుతుంది. మోకాలి విషయంలో రెండోదానికి ఆ మేరకు మొగ్గు ఉంది. ఇవన్నీ చేసేముందు సీటు ఎత్తు చూసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు దానికంటే బాగా కిందికి ఉంటే మోకాలి నొప్పికి అదే కారణం కావచ్చు. సరిచేశాక కూడా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి, పెడళ్ల కొనుగోలును అప్పటిదాకా వాయిదా వేయండి.

సాధన గురించి. ముందు ఇంట్లో గోడ పట్టుకుని, ఒక్క కాలే బిగించి, తీసి, మళ్లీ బిగించండి. ఆ కదలిక ఆలోచించకుండా వచ్చేదాకా రెండో కాలి జోలికి పోవద్దు. తరువాత పచ్చిక ఉన్న మైదానంలో, తేలిక గేరులో, నెమ్మదిగా. ఒక్క నియమం ఒంటికి పట్టాలి: బ్రేకు వేయడానికి ముందే కాలు తీయాలి. ఆగాక తీద్దామనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది. ఏ కాలు తీశారో ఆ వైపుకే బండిని కొద్దిగా వాల్చండి. ఎక్కుడులో ఆగిపోయేలా ఉంటే కొండ వైపున్న కాలు తీయండి, లోయ వైపు కాదు. పడటం తప్పదని తెలిస్తే చెయ్యి చాచవద్దు, హ్యాండిల్‌ను వదలకుండా భుజం మీదికి వాలండి. మణికట్లు విరిగేది చాచిన చేతుల వల్లే. బృందంతో వెళ్లే మొదటి ఆదివారాల్లో దిగుడు గట్టిగా ఉన్న చోట ఒక కాలు విడిచి తొక్కినా, దిగి నడిచినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు.

ఇక చప్పుళ్లు. రెండింటినీ ఒకటిగా కట్టి మెకానిక్‌కు చెప్పినట్టున్నారు, ఆయన కూడా ఒకే అంచనాలో తేల్చేశారు. అవి వేర్వేరు. "టిక్" పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒకసారి వస్తోందని మీరే గమనించారు. ఆ లయే సాక్ష్యం. చైనులో లోపమైతే అంత తరచుగా రాదు. చైనులో సుమారు 110 లింకులు, ముందు పెద్ద చక్రంలో 36 పళ్లు ఉంటే, చైను ఒక చుట్టు పూర్తిగా రావడానికి పెడళ్లు మూడుసార్లు తిరగాలి. ముందు 22 పళ్ల చిన్న చక్రంలో ఉంటే అయిదుసార్లు. బిగుసుకుపోయిన ఒక లింకు చేసే చప్పుడు ఆ వ్యవధిలోనే వినిపిస్తుంది. ప్రతి తిప్పుకూ ఒకసారి వచ్చేది పెడళ్లలో, పెడల్‌ను మోసే చెయ్యి లాంటి క్రాంకులో, ముందు పళ్ల చక్రమైన చైన్‌రింగ్ బోల్టుల్లో, లేదా బాటమ్ బ్రాకెట్‌లో పుడుతుంది. మీ ఉత్తరం చివర "పాత పెడళ్లు మళ్లీ పెట్టించుకున్నాక మొదలైనట్టుంది" అని ఒక మాట రాసి వదిలేశారు. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన మాట అది.

పెడళ్లు రెండూ విప్పించండి. కుడి పెడల్ అన్ని మరల్లాగే ఎడమకు తిప్పితే వదులవుతుంది. ఎడమ పెడల్ మర తలకిందులు, అది కుడికి తిప్పితే వదులవుతుంది. మరలనూ, క్రాంకులోని రంధ్రాలనూ గుడ్డతో తుడిచి, మరలకు గ్రీసు రాసి, మొదట స్పానర్ లేకుండా వేళ్లతోనే ఎక్కించాలి. వేళ్లతో సాఫీగా ఎక్కకపోతే మర వంకరగా కూర్చుంటోందని అర్థం. అక్కడే ఆగి మెకానిక్‌కు చూపించాలి, బలవంతం చేస్తే క్రాంకే పాడవుతుంది. సాఫీగా ఎక్కితే చివరగా గట్టిగా బిగించాలి. షిమానో చెప్పే బిగువు 35 న్యూటన్ మీటర్లకు తక్కువ కాదు. పొడిగా, వదులుగా బిగించిన పెడల్ ఎత్తు ఎక్కేటప్పుడు బరువు పడగానే టిక్కుమంటుంది, చదును మీద ఊరుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే ఒక కాలు పెడల్ మీద నుంచి తీసేసి ఇంకో కాలితోనే కొద్ది దూరం తొక్కి ఏ వైపు నుంచి వస్తోందో చూడండి. తరువాత క్రాంకు బోల్టులు, చైన్‌రింగ్ బోల్టులు ఒక్కొక్కటిగా బిగించి చూడండి. బాటమ్ బ్రాకెట్ అన్నింటికంటే చివరిది. చైనును పెద్ద చక్రం మీద నుంచి దించి, క్రాంకులను చేత్తో తిప్పి, పక్కలకు ఊపి చూస్తే అందులో గరగరలాడటం కానీ ఊగడం కానీ తెలుస్తుంది. ఏదీ లేకపోతే దాన్ని మార్చనవసరం లేదు. రేపు మీరు క్లిప్‌లెస్‌కు మారితే ఇదే రకమైన చప్పుడు క్లీట్ బోల్టులు వదులైనప్పుడూ వస్తుంది. అప్పుడు 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో వాటిని బిగించాలి. 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు, ముందుగా ఆ బోల్టులకూ గ్రీసు రాయాలి.

దిగుడులోని టకటక వేరే సంగతి. చైను కింది పాయ వదులుగా ఊగి, బాటమ్ బ్రాకెట్ నుంచి వెనుక చక్రానికి పోయే చైన్‌స్టే గొట్టాన్ని కొడుతోంది. మీ అలీవియో డీరైలర్‌లో క్లచ్ లేదు. చైనును లాగిపట్టేది దాని పంజరం (చైను చుట్టి వచ్చే రెండు చిన్న కప్పీలున్న, కిందికి వేలాడే భాగం)లోని స్ప్రింగు ఒక్కటే, పెద్ద కుదుపుకు అది లొంగిపోతుంది. పంజరం ముందుకు ఊగకుండా ఘర్షణతో అడ్డుకునే క్లచ్‌ను షిమానో 2011లో తెచ్చింది, ఆ తరువాత అది ఖరీదైన బళ్ల నుంచి మధ్యస్థాయి బళ్లకూ చేరింది. మీ స్నేహితుల బళ్లు నిశ్శబ్దంగా దిగడానికి బహుశా అదే కారణం. అయితే మీ తొమ్మిది గేర్ల బండికి క్లచ్ కావాలంటే డీరైలర్ ఒక్కటి మారిస్తే కుదరదు. షిమానోలోనే పది గేర్ల డియోర్ శ్రేణికి వెళ్తే డీరైలర్‌తో పాటు హ్యాండిల్ మీది షిఫ్టరు, క్యాసెట్, చైను కూడా మారాలి. అది చెడ్డ ఖర్చు కాదు, కానీ చైను, క్యాసెట్ ఎలాగూ అరిగిపోయిన రోజున చేయాల్సిన ఖర్చు.

ఈలోగా డబ్బు లేకుండా అయ్యేది ఒకటుంది. దిగుడు మొదలయ్యే ముందు ముందు గేరును పెద్ద చక్రం మీదికి, వెనుక మధ్య పళ్ల మీదికి మార్చండి. చిన్న చక్రం, చిన్న పళ్ల జతలో చైను అత్యంత వదులుగా ఉంటుంది. పెద్ద చక్రం మీద ఉంటే బిగువు పెరిగి ఊగుడు సగానికి సగం తగ్గినట్టు మీకే తెలుస్తుంది. తరువాత చైను పొడవు చూడండి. డీరైలర్ గుండా పోనీయకుండా ముందు పెద్ద చక్రం, వెనుక అతిపెద్ద పళ్ల చక్రం మీదుగా చైనును చుట్టి, అవి కలిసే చోటు కంటే రెండు లింకులు మాత్రమే అదనంగా ఉండాలి. సెకండ్‌హ్యాండ్ బండిలో అంతకంటే పొడవుగా ఉండటం వింతేమీ కాదు. ఆపైన పంక్చరై పారేసిన పాత ట్యూబును పొడవునా చీల్చి, చైన్‌స్టేకు ముందు నుంచి వెనక్కి బిగువుగా చుట్టి, రెండు చివర్లా ప్లాస్టిక్ టైలతో కట్టండి. కరెంటు పనికి వాడే మందపాటి రబ్బరు మాస్టిక్ టేపు దొరికితే ఇంకా మెత్తగా ఉంటుంది. చుట్టేముందు గొట్టం మీది జిడ్డు తుడవాలి, చుట్టాక టైరుకూ చైనుకూ తగలడం లేదని చూసుకోవాలి. చైను అప్పుడు కూడా తగులుతుంది, కానీ లోహం మీద కాదు కనుక మోత పోతుంది, రంగూ లేవదు. ఇంత చేశాక ఇంకా టకటక మిగిలితే ఫోర్కు దగ్గర బ్రేకు, గేరు తీగలు ఫ్రేముకు కొట్టుకుంటున్నాయేమో పట్టుకుని చూడండి. చాలామంది దాన్ని చైను చప్పుడనుకుంటారు.

అంచనా కాగితంలో నిజం ఉండగలిగిన వరుస ఒక్కటే: చైను, క్యాసెట్. దాన్ని మీరే కొలవవచ్చు. ఉక్కు స్కేలు తీసుకుని, చైను బిగువుగా ఉండే పై పాయ మీద ఒక పిన్ను నడిమి నుంచి 24 పిన్నుల అవతలి దాని నడిమి దాకా కొలవండి. కొత్త చైనులో అది సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం దగ్గరపడిందని, ఎనిమిదో వంతు పెరిగితే దాటిపోయిందని అర్థం. ఆ రెండో స్థితిలో కొత్త చైను పాత క్యాసెట్ మీద జారుతుంది కనుక రెండూ కలిపే మార్చాలి, పైన చెప్పిన పది గేర్ల ఆలోచన కూడా అప్పుడే చేయాలి. పెరగకపోతే చైను జోలికి పోవద్దు, శుభ్రం చేస్తే చాలు. మన దుమ్ములో నూనె ఎక్కువైన చైను రాతిపొడితో కలిసి నల్లని ముద్దవుతుంది, గరగరా అదే, అరుగుదలా అదే. గుడ్డను కొద్దిగా కిరోసిన్‌తో తడిపి చైనును తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క చొప్పున చైన్ లూబ్ వేసి, పెడళ్లు వెనక్కి తిప్పి, కాసేపాగి పైపైన ఉన్నదంతా తుడిచేయండి. ఎండాకాలంలో పొడి రకం లూబ్, వానల్లో తడి రకం. పాత ఇంజిన్ ఆయిల్ వద్దు, తుప్పు వదిలించే స్ప్రేను నూనెకు బదులుగా వాడవద్దు. మోటార్‌సైకిళ్ల వాటర్ సర్వీసింగ్ దగ్గర బలమైన నీటిధారతో కడిగించవద్దు. ఆ ధార బేరింగుల్లోని గ్రీసును తోసేస్తుంది, మెకానిక్ ఇప్పుడు అనవసరంగా మార్చమంటున్న బాటమ్ బ్రాకెట్‌ను అప్పుడు నిజంగానే మార్చాల్సి వస్తుంది.

కనుక ఈ వారం పెడళ్లకు గ్రీసు, చైన్‌స్టేకు ట్యూబు, చైనుకు కొలత. ఆ కొలత ఎంత వచ్చిందో, టిక్ ఆగిందో లేదో మీ భర్తకు ఆ 14 వేల అంచనా పక్కనే పెట్టి చూపించండి. ఆయన భయంలో సగం ఆ అంకెదే అయి ఉంటుంది. పెడళ్ల నిర్ణయం మాత్రం బూట్లు మార్చి, మడమ దించడం కొన్ని ఆదివారాలు సాధన చేశాక తీసుకోండి. అప్పటికీ పాదం ఎగురుతూనే ఉంటే చట్రం ఉన్న ఎస్‌పీడీ, ఎస్‌హెచ్56 క్లీట్లు, పూర్తిగా వదులు చేసిన స్ప్రింగుతో మొదలుపెట్టండి.